ఈసీహెచ్‌ఎస్‌లో రిఫరల్ ఉండాలా, ఎత్తేయాలా?

సుబేదార్ గారబ్బాయి:
సూటిగా అడుగుతున్నాను. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో ఈ రిఫరల్ తతంగం ఇంకా ఎందుకు? తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 2003 ఏప్రిల్‌లో మొదలైంది. రిటైరయ్యేటప్పుడు ఒకేసారి డబ్బు కట్టించుకుంటారు. ఆ తర్వాత భార్యాభర్తలకు జీవితాంతం, ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ షరతుల మీద వైద్యం. మామూలుగా అయితే ముందు పథకం వాళ్ల సొంత క్లినిక్‌కి, అంటే పాలిక్లినిక్‌కి వెళ్లాలి. అక్కడి డాక్టరు రిఫరల్ రాసిస్తేనే ప్యానెల్‌లో (పథకంతో ఒప్పందం ఉన్న జాబితాలో) ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా చూపించుకోవచ్చు.

మా నాన్నగారికి స్టెంట్ ఉంది, షుగర్ ఉంది, ఈమధ్య కిడ్నీ కూడా మొరాయిస్తోంది. కార్డియాలజీకి రిఫరల్ తీసుకుని వెళ్తే ఆ డాక్టరు రిపోర్టు చూసి, క్రియాటినిన్ ఎక్కువుంది, నెఫ్రాలజిస్టుకి, అంటే కిడ్నీ డాక్టరుకి చూపించండి అన్నాడు. అదే ఫ్లోర్లో, ఎదురు గది. కానీ దానికి వేరే రిఫరల్ కావాలని కౌంటర్లో అన్నారు! మర్నాడు పొద్దున్నే మళ్లీ పాలిక్లినిక్, మళ్లీ టోకెను, మళ్లీ అదే బెంచీ. నడవలేని మనిషిని ఆటోలో ఎక్కించి దించడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుసు. జబ్బేంటో ఫైలు నిండా రాసే ఉంది కదా, కొత్తగా ఎవరు కనిపెట్టాలి? అరవై దాటినవాళ్లకీ, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకీ కార్డు చూపిస్తే చాలనాలి. ఇదీ నా వాదన.

రిటైర్డ్ నాయక్:
బాబూ, మీ నాన్నగారి ఇబ్బంది నాకు తెలుసు, నేనూ అదే బెంచీ మీద కూర్చునేవాణ్ణే. కానీ రిఫరల్ ఎత్తేస్తే ఏమవుతుందో ఆలోచించావా? ఈ ఊళ్లో కార్పొరేట్ ఆసుపత్రుల సంగతి మనకి కొత్తా? మోకాలు నొప్పి అని పోతే ఎమ్మారై, ఎమ్మారై కాగానే ఆపరేషన్‌కి డేటు. నాకు మోకాలు మార్చాల్సిందేనని బయట చెప్తే, మా పాలిక్లినిక్ డాక్టరమ్మ ససేమిరా అంది. ముందు బరువు తగ్గండి, ఫిజియోథెరపీ చేయించుకోండి, ఆర్నెల్లు ఆగి చూద్దాం అంది. ఇప్పుడు రోజూ బొల్లారం దాకా నడిచొస్తున్నాను, నా మోకాలితోనే.

ఇంకో మాట. 2025-26 బడ్జెట్‌లో ఈసీహెచ్‌ఎస్‌కి ఇచ్చింది 8,317 కోట్లు. లబ్ధిదారులు అరవై లక్షల పైమాటే. లెక్కేస్తే ఏడాదికి తలకి పదమూడు వేల చిల్లర. ఐసీయూలో రెండు రోజులుంటే అయిపోయే డబ్బు. అందరికీ ఒకేసారి జబ్బు చేయదు కాబట్టి బండి నడుస్తోంది. కార్డున్న ప్రతివాడూ నేరుగా పెద్దాసుపత్రికి పోతే సంక్రాంతి నాటికే పైసలు అయిపోతాయి. ఎమర్జెన్సీకి ఎలాగూ రిఫరల్ అక్కర్లేదు. ప్యానెల్‌లో లేని ఆసుపత్రికి వెళ్లినా 48 గంటల్లో పాలిక్లినిక్‌కి తెలియజేసి, తర్వాత బిల్లు పెట్టుకోవచ్చు. కాకపోతే పథకం రేటు ప్రకారమే ఇస్తారు, మిగతాది మన జేబులోంచే.

బిల్లింగ్ కౌంటర్:
నేను ఓ ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్‌లో చేస్తాను, ఏ ఆసుపత్రో అడక్కండి. రిఫరల్ తీసేసినంత మాత్రాన మీకు బెడ్ ఇస్తారని ఎవరన్నారు సార్? ఈసీహెచ్‌ఎస్‌లో చెల్లించేది సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్లు. 2014లో పెట్టిన ఆ రేట్లని మధ్యలో అక్కడక్కడా సవరించారు తప్ప, పూర్తిగా మార్చింది 2025 అక్టోబరులో. పదకొండేళ్లలో నర్సు జీతం, ఆక్సిజన్, కరెంటు ఎంత పెరిగాయో ఆలోచించండి.

పేషెంటు డిశ్చార్జి అయ్యాక మేము బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాం. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని ఎన్‌ఎంఐ పెడతారు, అంటే ఇంకా వివరాలు కావాలని. స్టెంట్ స్టిక్కరు సరిగా కనబడట్లేదంటారు, ఎక్స్‌రే మళ్లీ పంపమంటారు. మేం పంపేలోపు నెల, వాళ్లు చూసేలోపు ఇంకొన్ని నెలలు, చివర్లో కోత. బకాయిలు పేరుకున్నప్పుడు పైనుంచి మాటొస్తుంది, ఈసీహెచ్‌ఎస్ వాళ్లకి బెడ్లు లేవని చెప్పమని. కౌంటర్లో తిట్లు తినేది మేము. కాబట్టి ముందు బిల్లులు టైముకి క్లియర్ చేయమని అడగండి. రిఫరల్ మాటకొస్తే, ఒక రిఫరల్‌తో అదే ఆసుపత్రిలో ఏ విభాగానికైనా పంపితే చాలు, సుబేదార్ గారి సమస్య తీరిపోతుంది.

హవల్దారు కూతురు:
అందరూ ఆపరేషన్ల గురించే కొట్టుకుంటున్నారు. ఏడాదిలో ఆపరేషన్లు ఎంతమందికి అవుతాయి? మందులు ప్రతి నెలా కావాలి. నాన్న పోయాక అమ్మని నేనే తీసుకెళ్తున్నాను. ఆఫీసుకి సగంరోజు సెలవు పెట్టి, ఇన్సులిన్ కోసం థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసుకుని మరీ వెళ్తే, బీపీ మాత్రలు ఇచ్చి ఇన్సులిన్ స్టాకు లేదు, వచ్చేవారం రమ్మంటారు. బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోవడానికి దారి ఉంది కానీ, చీటీ మీద మందు లేదని రాయించుకోవాలి. ఆ ముక్క రాసే ఫార్మసిస్టు లంచ్‌కి వెళ్తే అంతే సంగతులు. అమ్మ ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునుంటుంది, నేను ఫోన్లో మేనేజరుకి సర్దిచెప్పుకుంటుంటాను.

రెండోది, కార్డు. నాన్న రికార్డుల్లో అమ్మ పేరు లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మి. ఈ రెండక్షరాల తేడాకి కొత్త కార్డు ఆగిపోయింది. సైనికుడు బతికున్నంతకాలం ఆయనే తిరుగుతాడు. ఆయన పోయాక, పాలిక్లినిక్ ఎటు ఉందో కూడా తెలియని ఆడవాళ్లు ఈ కాగితాల్లో పడతారు. రిఫరల్ ఉన్నా లేకపోయినా కార్డే లేకపోతే ఏం లాభం?

ఆర్టీసీ వారి మనవడు:
కోపగించుకోకండి, ఒక ప్రశ్న. మా తాతయ్య ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు, ఆయనకి తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రే దిక్కు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకి ఆరోగ్యశ్రీ ఉంది, పది లక్షల దాకా. డెబ్భై దాటినవాళ్లకి కేంద్రం 2024లో ఆయుష్మాన్ కార్డు పెట్టింది, ఐదు లక్షలు. మీకు ప్రత్యేకంగా ఇంకో పథకం ఎందుకు?

రిటైర్డ్ నాయక్:
అడిగావు కాబట్టి చెప్తున్నా నాయనా. మాకు ఊరికే ఇవ్వలేదు. 2017 చివర్లో సవరించిన రేట్ల ప్రకారం జవాను నుంచి హవల్దారు దాకా 30 వేలు, జేసీఓ (నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా) 67 వేలు, ఆఫీసరు లక్షా ఇరవై వేలు కట్టాలి. 1996కి ముందు రిటైరైనవాళ్లకీ, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకీ మాత్రం మినహాయింపు. డెబ్భై దాటాక ఆయుష్మానా, ఈసీహెచ్‌ఎసా ఏదో ఒకటే ఎంచుకోవాలి, రెండూ కుదరవు. కట్టిన ముప్ఫై వేలతో జీవితాంతం వైద్యం నడుస్తుందని నేననను, ప్రభుత్వమే భరిస్తోంది. కానీ ముప్ఫై ఐదు, నలభై ఏళ్లకే ఇంటికి పంపేది సిపాయిని. మంచులో పనిచేసిన కీళ్లు, ఫిరంగి మోతకి పోయిన చెవులు ఆ తర్వాతే బయటపడతాయి. మీ తాతగారికి కూడా ఇలాంటిదే ఉండాలని అడుగు, నేనూ వచ్చి నీ పక్కన నిలబడతాను. మాది తీసేయమని అడక్కు.

అగ్నివీర్ అన్న:
మీ దగ్గరైనా కొట్లాడుకోవడానికి పథకం ఉంది. మా తమ్ముడు 2023లో అగ్నివీర్‌గా చేరాడు. నాలుగేళ్లయ్యాక ఎక్కువలో ఎక్కువ పాతిక శాతం మందిని ఉంచుకుంటారు. మిగతావాళ్లకి సేవానిధి అని ఒకేసారి సుమారు 11.71 లక్షలు ఇచ్చి పంపిస్తారు. పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. డ్యూటీ వల్ల అంగవైకల్యం వస్తే శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షల పరిహారం ఉంది, నిజమే. కానీ ఇంటికొచ్చిన ఐదేళ్లకి నడుం పట్టేస్తే అది డ్యూటీ వల్లేనని ఎవడు ఒప్పుకుంటాడు? 2022 జూన్‌లో ఈ అగ్నివీర్ పద్ధతి మీద సికింద్రాబాద్ స్టేషన్లో గొడవ అయినప్పుడు అందరూ ఉద్యోగం గురించే మాట్లాడారు. వైద్యం మాట ఎవరూ ఎత్తలేదు.

సుబేదార్ గారబ్బాయి:
అన్నా, మీది న్యాయమైన ప్రశ్న. వైద్యం వరకైనా డబ్బు కట్టించుకుని వాళ్లని చేర్చుకోవచ్చు, ముప్ఫై వేలు కట్టడానికి ఏ అగ్నివీరూ వెనకాడడు. నాయక్ గారూ, మీ మోకాలు బాగుండటం సంతోషం, కానీ మీరు నడవగలరు కాబట్టి ఈ రిఫరల్ గేటు మంచిదంటున్నారు. మంచానికి అతుక్కున్నవాళ్లని ఏం చేద్దాం? ఈసీహెచ్‌ఎస్ రీజినల్ సెంటర్‌కి ఒక అర్జీ రాస్తున్నాను. మూడు అంశాలు: ముసలివాళ్లకి రిఫరల్ మినహాయింపు, మందు లేకపోతే అడక్కుండానే కౌంటర్లో చీటీ ఇవ్వడం, బిల్లుల బకాయిలు తీర్చడం. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ నాయక్:
రెండోదానికీ మూడోదానికీ పెడతాను. మొదటిదాంట్లో ‘ముసలివాళ్లకి’ కొట్టేసి ‘మంచాన పడ్డవాళ్లకి’ అని రాయి, దానికీ పెడతాను. అరవై దాటిన ప్రతివాడికీ అంటే మాత్రం నా పేరు చేర్చకు.

అమ్మా, హవల్దారు కూతురా, మీ నాన్నగారిది సైన్యంలో ఏ విభాగమో చెప్పలేదు. ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) వాళ్లకైతే సర్వీసు కాగితాలుండే రికార్డ్స్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. లక్ష్మమ్మ, లక్ష్మి ఒక్కరేనని అఫిడవిట్ చేయించి, డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నకళ్లు జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపించు. స్పర్శ్‌లో, అంటే పెన్షన్ పోర్టల్లో, అమ్మ పేరు ఎలా పడిందో కూడా ఒకసారి చూడు. అక్కడ ఇంకో రకంగా ఉంటే రెండూ కలిపి సరిచేయించుకోవాలి.

హవల్దారు కూతురు:
ఆర్టిలరీ అండీ. స్పర్శ్‌లో లక్ష్మీ అని దీర్ఘంతో ఉంది, ఇప్పుడే చూశాను.