జూమ్‌లో ఉన్నవాళ్లకి వాళ్ల గొంతే తిరిగి వినిపిస్తోంది, ఏం చేయాలి?

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో నెలకోసారి సాహిత్య సమావేశం పెట్టుకుంటాం. హాల్లో 30 మంది, జూమ్‌లో ఓ 10 మంది. హాలు అందరిదీ కాబట్టి గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. అన్నీ సర్దుకుని, అవ్వగానే తీసేయాలి.

ఉన్నవి: చిన్న మిక్సర్, 2 కార్డ్‌లెస్ మైకులు, స్పీకర్లు, ల్యాప్‌టాప్. జూమ్ వాళ్ల మాటలు హాల్లో వినపడాలని ల్యాప్‌టాప్ సౌండ్‌ని మిక్సర్‌లో ఒక చానెల్‌కి కలిపాం. అన్ని చానెళ్లూ కలిసి స్పీకర్లకి వెళ్లే మెయిన్ అవుట్ నుంచే తిరిగి ల్యాప్‌టాప్‌కి వైరు ఇచ్చాం. పోయినసారి డల్లాస్ నుంచి ఒక పెద్దాయన పద్యం ఎత్తుకుని, తన గొంతే వెనక్కి వస్తుంటే రెండో పాదంలో ఆగిపోయారు. పాపం, మళ్లీ మొదలుపెట్టలేదు.

మిక్సర్ ఆక్స్ సెండ్‌లో (కావాల్సిన చానెళ్లనే విడిగా బయటికి పంపే అవుట్) ల్యాప్‌టాప్‌కి మైకులు మాత్రమే పంపి, ల్యాప్‌టాప్ చానెల్ ఆక్స్ నాబ్ సున్నాకి తిప్పేస్తే చాలా? ల్యాప్‌టాప్‌కి ఒకటే 3.5 ఎంఎం సాకెట్ ఉంది, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి సౌండ్ పంపే చిన్న పెట్టె) కూడా కొనాలా? వెనక వరుసల్లోకి మైకు పట్టుకుని పరిగెత్తేది నేనే. దానికీ ఏదైనా దారుంటే చెప్పండి.