గుట్టను కాపాడుకోవాలంటే దేవుడి పేరెత్తాలా?

గుట్టకింది రైతు:
మా ఊరి గుట్టను కంకర క్వారీకి లీజుకిస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఊళ్లో వేరే మాట లేదు. గుట్ట మీద పోచమ్మ గుడి ఉంది. ఆషాఢంలో బోనాలు ఎక్కేది అక్కడికే. మా యువకులు "పోచమ్మ గుట్టను కాపాడుకుందాం" అని ఫ్లెక్సీ కట్టారు. ఊళ్లో సగంమంది మాత్రం బోర్లు, దుమ్ము, పంట నష్టం గురించే రాయాలని, అమ్మవారిని అందులోకి లాగొద్దని అంటున్నారు. నేను యువకుల వైపే. బోర్లు ఎండిపోతాయని రాసిన వినతిపత్రం మీద సంతకం పెట్టమంటే ముప్పై మంది కూడా రాలేదు. పోచమ్మ పేరు చెప్పగానే సర్పంచ్ ఇంటి ముందు ఊరంతా చేరింది. నమ్మకం ఒక్కటే మనిషిని ఇంట్లోంచి కదిలిస్తుంది. తప్పంటారా?

అడవిదారి:
తప్పు కాదన్నా. నియమగిరి సంగతే చూడండి. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండల్లో బాక్సైట్ తవ్వి లాంజీగఢ్‌లోని వేదాంత అల్యూమినా ఫ్యాక్టరీకి పంపాలనుకున్నారు. అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోందులు తమ దైవం నియమరాజు ఆ కొండ మీదే ఉన్నాడని నిలబడ్డారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తవ్వకం వల్ల వాళ్ల ఆరాధన హక్కు దెబ్బతింటుందో లేదో గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జులై, ఆగస్టుల్లో జిల్లా జడ్జి సమక్షంలో 12 ఊళ్లలో సభలు పెడితే, 12 ఊళ్లూ వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్రం కూడా అనుమతి ఇవ్వలేదు.

ఒక్క మాట మాత్రం మరచిపోవద్దు. నియమరాజు ఒక్కడే గెలిపించలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ చేతికి ఆ అధికారం ఇచ్చింది. మీది మైదాన ప్రాంతం కాబట్టి, మీ లీజుకు ప్రజాభిప్రాయ సేకరణ ఉందా, గ్రామసభ తీర్మానానికి ఏపాటి విలువ ఉంది అనేది ముందు లాయరుతో మాట్లాడండి. జనం పోగయ్యాక పట్టుకోవడానికి కాగితం లేకపోతే కష్టం.

వాడ చివరి ఇల్లు:
అన్నా, మీరు ఊరంతా అన్నారు. అందులో మా వాడలాంటి వాడలు ఉన్నాయా? మా ఊళ్లోనూ గుట్ట మీద అమ్మవారే. మా వాళ్ల డప్పు లేకపోతే బోనం కదలదు. మా బోనం మాత్రం చివర్న నడవాలి, మెట్ల దగ్గరే ఆగాలి. ఆ మెట్లు ఎక్కనివ్వని గుడి కోసం మమ్మల్ని కొట్లాడమంటే ఏ ముఖంతో రావాలి? నీళ్లు తగ్గితే ముందు ఎండేది మా వాడ బోరే. క్రషర్ వస్తే నాలుగు రోజులు కూలి దొరుకుతుందని ఆశపడేదీ మేమే, ఆ దుమ్ము పీల్చి ముందు దగ్గేదీ మేమే. నీళ్ల గురించి పిలవండి, పరుగెత్తుకొస్తాం. అమ్మవారి మీద నాకూ భక్తి ఉంది. ఆమె పేరుతో ఎవరు మాట్లాడతారన్నదే నా బాధ.

పాత మేస్త్రి:
ఈ చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మా ఊళ్లో క్వారీ వాళ్లు వచ్చి "గుట్ట కింద కొత్త గుడి కట్టిస్తాం, పక్కన కల్యాణ మండపం కూడా" అన్నారు. పెద్దమనుషులు సరేనన్నారు. విగ్రహాన్ని కిందికి దింపి ప్రతిష్ఠ చేశారు, అన్నదానం పెట్టారు. ఆ గుడి గోడ కట్టింది నేనే. ఈరోజు గుట్ట సగం లేదు. బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా ఆ కొత్త గోడే అదురుతుంది. డోంగ్రియాలకు కొండే దేవుడు, దాన్ని ఎక్కడికని దింపుతారు? మన గుడిని మాత్రం లారీలో ఎక్కించవచ్చు. అందుకే "గుడి" అనకండి, "గుట్ట" అనండి.

గంగాతీరం:
నమ్మకం మనిషిని కదిలిస్తుంది, నిజమే. ప్రభుత్వాన్నీ కదిలిస్తుందా? ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్‌గా చేసిన జి.డి. అగర్వాల్ సన్యాసం తీసుకుని స్వామి సానంద్ అయ్యారు. గంగ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు ఆపాలని, గంగకోసం చట్టం తేవాలని 2018 జూన్ 22న నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 111 రోజుల దీక్ష తర్వాత, అక్టోబరు 11న, ఆసుపత్రిలో ప్రాణం వదిలారు. వయసు 86. గంగను తల్లి అనే దేశంలో, ఆయన అడిగిన చట్టం ఆయన బతికుండగా రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. భక్తి మనలో ఎంతున్నా, ఓటు వేసే ఊరు వెనక లేకపోతే ఒంటరి మనిషి చనిపోతాడంతే.

గుట్టకింది రైతు:
అందరూ ఇంత మనసుపెట్టి రాస్తారనుకోలేదు. రాత్రి కూర్చుని వినతిపత్రం మళ్లీ రాశాను. మొదటి పేరాలో వాడ బోరు, ఊరి చెరువు. తర్వాత దుమ్ము, ఇళ్లకు పగుళ్లు. చివర్న గుట్టే మా పోచమ్మ అని, ఆమెను వేరే చోటికి మార్చే ప్రసక్తే లేదని రాశాం. పోచమ్మను మాత్రం తీసేయలేదు, తీసేయను కూడా. మా అమ్మ చివరిసారి మొక్కుకున్నది ఆ గుట్ట మీదే. ఆదివారం గ్రామసభ పెట్టమని పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చాం. రేపు ముందు వాడకే వెళ్తున్నా.

వాడ చివరి ఇల్లు:
మంచిది అన్నా. వెళ్లినప్పుడు మీ ఊళ్లో మెట్ల సంగతి వాళ్లు ఎత్తేదాకా ఆగకండి, మీరే ముందు ఎత్తండి. ఈసారి బోనాల్లో వాళ్ల బోనం ఎక్కడ నడుస్తుందో ఆ సభలోనే చెప్పండి. అప్పుడు సంతకాలు మీరు అడగక్కర్లేదు.