కరి మింగిన వెలగపండు: ప్రకాశం పంతులుగారికి ఈ పద్యం నప్పుతుందా?

ఒంగోలు నుంచి, ప్రశ్న అడిగినవారు:
ఆగస్టు 23న పంతులుగారి జయంతికి మా బడిలో ఒక పిల్లాడితో మాట్లాడించాలని ఉపన్యాసం రాసిచ్చాను. చివర్లో ఈ సుమతీ పద్యం పెట్టాను.

సిరి తా వచ్చిన వచ్చును
సలలితముగ నారికేళ సలిలము భంగిన్
సిరి తా బోయిన బోవును
కరి మింగిన వెలగపండు కరణిని సుమతీ!

హెడ్మాస్టరుగారు చూసి "పంతులుగారికి ఈ పద్యం ఎట్లా పెడతావయ్యా, తీసెయ్" అన్నారు. కారణం అడిగితే నవ్వి వెళ్లిపోయారు. గుంపులో పెద్దలే చెప్పాలి. పన్లోపని, ఇక్కడ కరి అంటే ఏనుగా, పురుగా?

కావలి:
పురుగేనని మా తాతగారు చెప్పేవారు. సంస్కృతంలో "గజభుక్త కపిత్థవత్" అని ఉంది. అక్కడ గజం అంటే వెలగపండులో చేరి గుజ్జు తినేసే చిన్న పురుగట. పైన పెంకు అట్లాగే ఉంటుంది. ఏనుగు మింగిన కాయ చెక్కుచెదరకుండా బయటికొస్తుందంటే నమ్మేట్టుగా ఉందా అన్నా?

నెల్లూరు:
నమ్మకం సంగతి తర్వాత తమ్ముడూ, ముందు పద్యం చూడు. సంస్కృతంలో ఎవరు ఏ అర్థం తీసినా, తెలుగు కవి రాసింది "కరి". తెలుగులో ఆ మాట వినగానే కనపడేది తొండమే, పురుగు కాదు. పైగా నాలుగో పాదంలో కరికీ కరణికీ యతి. రెండో పాదంలో సలలితానికీ సలిలానికీ అంతే. కాకపోతే మూడు పాదాల్లో ప్రాస "రి", రెండో పాదంలో మాత్రం "ల". ర, లలకు అభేదం చెప్పుకొని సరిపెట్టుకోవాలి.

నా లెక్కలో అసలు చూడాల్సింది "తా" అన్న ఒక్క అక్షరం. సిరి తనంతట తాను రావడం, తనంతట తాను పోవడం. కొబ్బరికాయలోకి నీళ్లు వచ్చింది ఎవరూ చూడరు, వెలగపండులో గుజ్జు పోయిందీ చూడరు. మీ హెడ్మాస్టరుగారికి అడ్డం తగిలింది అదే అయ్యుంటుంది. పంతులుగారి ఎదుగుదల కళ్లముందు జరిగింది. వినోదరాయునిపాలెంలో పుట్టాడు, తల్లి ఒంగోల్లో పూటకూళ్లిల్లు నడిపి చదివించింది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించింది నడివీధిలోనే కదా! డబ్బు కూడా దానంతట అది పోలేదు. బారిస్టరుగా సంపాదించిందంతా స్వరాజ్య పత్రికకు తానే ధారపోశాడు. కాయ కొట్టి నీళ్లు పంచినవాడి గురించి "నీళ్లు ఎట్లా పోయాయో తెలీదు" అంటే ఎట్లా?

కందుకూరు:
డబ్బు సరే, పదవి మాటేంటన్నా? 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యాడు (అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవాళ్లు, పిల్లలు కంగారుపడతారు, చెప్పండి). పదకొండు నెలలు నిండకముందే సొంత పార్టీవాళ్లే దించేశారు. 1953 అక్టోబరు 1న కర్నూల్లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం మీద గొడవ లేచి, అవిశ్వాసంలో ఒక్క ఓటుతో పోయింది. ఇదీ వెలగపండు కాదా? కుర్చీ ఉంది, పేరుంది, లోపల బలం ఎప్పుడో ఖాళీ. లేదంటే "చెరువు నిండిన గప్పలు పదివేలు" పద్యం పెట్టుకోండి.

నెల్లూరు:
పదవికైతే ఒప్పుకుంటా సామీ. అదీ సగమే, వెలగపండు సగం. కొబ్బరినీళ్ల సగం రెండు పదవుల్లో దేనికీ కుదరదు. కప్పల పద్యం మాత్రం వద్దు, అది చుట్టూ చేరినవాళ్ల మీద చెప్పింది, ఆయన మీద కాదు.

ఒంగోలు:
సరే, పద్యాన్ని చివర్నుంచి తీసేసి 1954 దగ్గరికి జరిపాను, రెండు పాదాలే. హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. ఇప్పుడు టెన్షన్ వేరే. పిల్లాడికి "కరణిని" నోరు తిరగట్లేదు, ఎన్నిసార్లు చెప్పినా "కరుణని" అంటున్నాడు.