అప్‌డేట్: ఆర్కిడ్ షోకి వెళ్లొచ్చాం

12 మందిమి ఆర్కిడ్ షోకి వెళ్తున్నాం, ఏ టైం మంచిది, అందరూ కలిసే తిరగాలా అని పోయిన వారం అడిగాను కదా. గేట్లు తెరవగానే వెళ్లాం. ఆ సలహా ఇచ్చినవాళ్లకి దండం! గంట దాటేసరికి ఫొటోలవాళ్లతో అడుగు పెట్టే సందు లేదు. కలిసి తిరగడం మాత్రం పది నిమిషాలు కూడా సాగలేదు. ముగ్గురు నలుగురుగా విడిపోయాకే హాయిగా చూశాం.

నన్ను కదలనివ్వనిది వాండా అనే ఆర్కిడ్. కుండీ లేదు, మట్టి లేదు, వేళ్లన్నీ గాల్లో వేలాడుతున్నాయి. అక్కడి ఆవిడ నీళ్లు చల్లగానే బూడిదరంగు వేళ్లు కళ్లముందే పచ్చబడ్డాయి. వేరు పైన స్పాంజిలాంటి పొర ఉంటుందట, అది తడిస్తే లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుందట. వెనిల్లా కూడా ఆర్కిడ్ కాయేనంటే మావాళ్లు చివరిదాకా నమ్మలేదు.

ఏమీ కొనకూడదనుకుని వెళ్లి నేనొక ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ తెచ్చుకున్నాను, మొగ్గలు ఎక్కువున్నది చూసి. మా ఫ్రెండ్ ఏకంగా వాండానే కొన్నాడు. తిరుగు ప్రయాణమంతా దాని వేళ్లు నా భుజం మీదే.