చలికాలంలో అమ్మకు కడుపు ఉబ్బరం, నడక ఆగిపోయింది. ఏం చేయాలి?

మాది విజయనగరం. అమ్మ వయసు 61, బీపీ మాత్ర వేసుకుంటుంది, షుగర్ లేదు. నవంబర్ వరకు రోజూ పొద్దున్న 5:30కి అయ్యకోనేరు గట్టు మీద 40 నిమిషాలు నడిచేది. మంచు మొదలయ్యాక దగ్గు పట్టుకుని మానేసింది. సరిగ్గా అప్పటి నుంచే ఈ బాధ.

రాత్రి 8:30కి భోజనం చేస్తే గంటలోపు కడుపు రాయిలా బిగుసుకుంటుంది. పుల్లటి తేనుపులు, పడుకుంటే ఛాతీలో మంట. పొద్దున్న విరేచనం సాఫీగా అవ్వదు. వాంతులు, రక్తం, బరువు తగ్గడం లాంటివేమీ లేవు.

వాము నీళ్లు పది రోజులు ఇచ్చాం (బీపీ వల్ల ఉప్పు కలపలేదు). తేనుపులు కాస్త తగ్గాయి, మంట మాత్రం ఎక్కువైంది, అందుకే ఆపేశాం. జీలకర్ర కషాయం వారం ఇచ్చినా తేడా లేదు. రాత్రి అన్నం మాని చోడి (రాగి) అంబలి తాగితే ఉబ్బరం ఇంకా పెరిగింది. ఉలవచారు, చిక్కుడు కూడా మానిపించాం. డాక్టరు గారు 14 రోజులకు గ్యాస్ మాత్ర రాశారు. వాడినన్నాళ్లు హాయిగా ఉంది, ఆపిన నాలుగో రోజుకే మొదటికొచ్చింది. మళ్లీ చూపిస్తాం. కానీ అసలు కారణం నడక ఆగడమేనని నా నమ్మకం.

సాయంత్రం నడుద్దామంటే వంట, దీపం వేళ. వజ్రాసనం వేయిస్తే మోకాళ్లు పట్టేస్తున్నాయి. మా హాలు పన్నెండు అడుగులే.

మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లు చలికి బయటికి వెళ్లకుండా ఇంట్లోనే చేసే ఏ కదలిక, భోజనమయ్యాక ఎంతసేపటికి, ఎన్ని నిమిషాలు చేస్తే మీ ఇంట్లో ఉబ్బరం తగ్గింది?