గుర్రం పంటి క్లెయిమ్ తిరగ్గొట్టారు. పాలసీలో పళ్ళకు అసలు ఏం వస్తుంది?

ష్రూస్‌బరీ అమ్మ:

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ దగ్గర ఉంటాం. నేను నర్సుని. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, తనకొక గుర్రం ఉంది. పేరు టాఫీ. వెల్ష్ కాబ్ జాతి, విత్తులు తీయించిన మగది, వయసు పద్నాలుగు.

మే మొదటి వారంలో పొద్దున్నే స్టేబుల్ ఊడుస్తుంటే మూలన గడ్డి ఉండలు కనబడ్డాయి. వేలంత పొడుగు, పచ్చగా, తడిగా, తాడు పేనినట్టు మెలితిరిగి ఉన్నాయి. సగం నమిలి, మింగలేక వదిలేసినవి. రెండు రోజులకు ముక్కులోంచి చీమిడి మొదలైంది, ఒక్క ఎడమ వైపే. ఆ వాసన నాకు వార్డులో తెలిసిన వాసనే. ఎక్కడో లోపల కుళ్ళుతోందని అర్థమై కడుపులో దేవినట్టయింది.

వెట్ (పశువుల డాక్టర్) వచ్చి మత్తిచ్చి, నోరు తెరిచి పట్టే ఇనుప చట్రం పెట్టి, అద్దంతో చూసింది. పైదవడ ఎడమవైపు 209 నంబరు పన్ను నిలువునా చీలిపోయి ఉంది. ఎక్స్‌రే తీసి, పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ సీటీ స్కాన్ తీసి, నిలబడి ఉండగానే మత్తిచ్చి పన్ను లాగేశారు, సైనస్ కడిగారు. మూడు రాత్రులు ఉంచుకున్నారు.

ఖర్చు: మొదటి విజిట్, మత్తు, ఎక్స్‌రేలు 486 పౌండ్లు. సీటీ 1,380. పన్ను తీయడం, ఆసుపత్రి 1,540. మళ్ళీ చూపించడానికి 210. మొత్తం 3,616 పౌండ్లు.

2022 ఏప్రిల్ నుంచి ఒకే కంపెనీలో ఇన్సూరెన్స్ కడుతున్నాం. ఒక్కో జబ్బుకు వైద్యం ఖర్చు 5,000 పౌండ్ల దాకా, మన వాటా 195. డబ్బు వస్తుందనే ధైర్యంతోనే సీటీకి సంతకం పెట్టాను. నిన్న ఉత్తరం వచ్చింది, ఏమీ ఇవ్వమని. రెండు కారణాలు రాశారు.

ఒకటి, ప్రతి 12 నెలలకు వెట్‌తో గానీ అర్హత ఉన్న డెంటల్ టెక్నీషియన్‌తో గానీ పళ్ళు చూపించాలని పాలసీలో ఉందట. మేం చివరిసారి చూపించింది 2024 మార్చి 9న. ఈ మార్చిలో రావాల్సిన టెక్నీషియన్ చెయ్యి విరిగి రాలేకపోయింది. కొత్త తేదీ మే 20కి ఇచ్చింది. ఈలోగానే ఇదంతా జరిగింది.

రెండు, 2022 ఫిబ్రవరిలో గుర్రాన్ని కొనేముందు చేయించిన పరీక్షలో "409, 410 మధ్య చిన్న సందు, గడ్డి ఇరుక్కుంటోంది" అని వెట్ రాశారు. కాబట్టి ఇది పాత జబ్బు అంటున్నారు.

మా తాతకు ఒంగోలు గిత్తలుండేవి. సంతలో కింది పెదవి లాగి రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని చూశాకే బేరం ఆడేవాడు. ఆయన చూసినవన్నీ ముందు పళ్ళే. గుర్రానికి ప్రాణం మీదికొచ్చేది మనకు కనబడని వెనక పళ్ళతోనని ఇప్పుడు తెలిసింది. మా అమ్మాయి తనే సరిగా చూసుకోలేదని ఏడుస్తోంది. టెన్షన్‌తో నాకూ నిద్ర లేదు. పాలసీలో పళ్ళకు అసలు ఏం వస్తుంది, ఏం రాదు? వీళ్ళతో వాదించడానికి ఏమైనా ఉందా?

హారోగేట్ అక్క:

చెల్లీ, ముందు పాపను ఊరుకోబెట్టు. గడ్డి ఉండలు చూసి వారంలోపే వెట్‌ని పిలిచారు. చాలామంది నెలల తరబడి గుర్రం బక్కచిక్కుతుంటే దాణా మారుస్తూ కూర్చుంటారు.

పన్నెండేళ్ళుగా గుర్రాలు పెంచుతూ నేను తెలుసుకున్నది చెప్తాను. పాలసీ "పళ్ళకు" డబ్బివ్వదు, జబ్బుకు, ప్రమాదానికి ఇస్తుంది. ఏటా ఆకురాయితో పళ్ళ మొనలు రాయించడం, అందుకోసం ఇచ్చే మత్తు, కళ్ళేనికి అడ్డొచ్చే చిన్న తోడేలు పళ్ళు తీయించడం, ఇవన్నీ మన జేబులోంచే. గిట్టలకు నాడాలు కొట్టించినట్టే లెక్క. పన్ను విరిగినా, వేరు చీము పట్టినా, సైనస్‌లోకి పాకినా అది జబ్బు కింద వైద్యం ఖర్చులోకి వస్తుంది. నీది కచ్చితంగా ఈ రెండోదే.

కొన్ని పాలసీల్లో సీటీ, ఎమ్మారై లాంటి వాటికి విడిగా పరిమితి ఉంటుంది. పైన 5,000 అని రాసి, స్కాన్ల దగ్గర సగమే ఇస్తామనేవీ ఉన్నాయి. అది ముందు పేజీలో కాదు, వెనక షరతుల్లో ఉంటుంది. నీ పాలసీలో ఉందేమో ఒకసారి చూడు. ఇంకోటి, చాలా పాలసీల్లో ఒక జబ్బుకు డబ్బిచ్చేది అది మొదలైన రోజు నుంచి 12 నెలలే. సైనస్ మళ్ళీ కడగాల్సి వస్తే ఆ గడువులోపే చేయించుకో.

నాకు జరిగింది కూడా చెప్తాను. నా ఆడ గుర్రానికి పందొమ్మిదేళ్ళప్పుడు ముందు పళ్ళ వేర్లు కరిగిపోయే జబ్బు వచ్చింది. ముసలి గుర్రాల్లో మామూలేనట. ఆపిల్ ముక్క కొరకాలంటే తల పక్కకు తిప్పేసేది. ఆరు పళ్ళు తీయించాం. అప్పటికే దాని పాలసీ వయసు కారణంగా ప్రమాదాలకు మాత్రమే అని మారిపోయి ఉంది. రెన్యువల్ కాగితం మీద ఆ ముక్క ఉంది, నేను చదవలేదు. 1,150 పౌండ్లు నేనే కట్టాను. టాఫీకి పద్నాలుగు అంటున్నావు. మీ కంపెనీ ఏ వయసులో అలా మారుస్తుందో ఇప్పుడే అడిగి పెట్టుకో.

గన్నవరం డాక్టర్:

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, ఇక్కడి పరీక్షలు రాసి, ఎనిమిదేళ్ళుగా గుర్రాల ప్రాక్టీసులో ఉన్నాను. మీ రెండో కారణం ముందు చూద్దామండీ, అది తేలిక.

గుర్రం పళ్ళకు మేం వాడే నంబర్లలో మొదటి అంకె నోట్లో ఏ మూలో చెప్తుంది. 1 పైన కుడి, 2 పైన ఎడమ, 3 కింద ఎడమ, 4 కింద కుడి. మిగతా రెండంకెలు ముందు నుంచి వెనక్కి లెక్క. అంటే 2022లో రాసిన 409, 410 కింది దవడ కుడివైపువి. ఇప్పుడు చీలిన 209 పై దవడ ఎడమవైపుది. ఒకటి నోటికి ఈ మూల, ఇంకోటి ఆ మూల. పైగా జబ్బు కూడా వేరు. అక్కడ పళ్ళ సందులో గడ్డి ఇరికి చిగురు పాడవుతుంది, ఇక్కడ పన్నే చీలింది. ఆ క్లెయిమ్ చూసినవాళ్ళు రెండిట్లోనూ "పళ్ళు" అన్న మాట చూసి కలిపేసినట్టున్నారు. ఈ ఒక్క పేరా మీ వెట్ చేత రాయించి పంపండి.

మొదటి కారణం గురించి మాత్రం నిజం నిజంగా మాట్లాడుకోవాలి. మనిషి పన్ను ఒకసారి వచ్చి ఆగిపోతుంది. గుర్రం దవడ పన్ను అలా కాదు, చిగురు లోపల పొడుగ్గా దాగి ఉండి, గడ్డి నమిలి అరిగినకొద్దీ ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికొస్తూ ఉంటుంది. కింది దవడ పైదానికంటే సన్నం. అందుకని పై పళ్ళకు బుగ్గ వైపు, కింది పళ్ళకు నాలుక వైపు మొనలు తేలి కోసుకుంటాయి. ఏటా రాయించమనేది అందుకే. ఇన్సూరెన్స్ వాళ్ళు ఊరికే పెట్టిన షరతు కాదది.

209 శాశ్వత దవడ పళ్ళలో అన్నిటికంటే ముందు వచ్చేది, గుర్రానికి ఏడాది వయసప్పుడే వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ కాలం నమిలేది అదే, ఎక్కువగా పాడయ్యేదీ అదే. పై దవడలో ఒక్కో పన్ను నమిలే వైపు మధ్యలో సహజంగా ఉండే గుంటలు పుచ్చి, ఆ బలహీనత వెంబడే పన్ను నిలువునా చీలుతుంది. దాని వేరు సైనస్‌ను ఆనుకునే ఉంటుంది. అందుకే ఒక్క ముక్కులోంచే చీమిడి, ఆ వాసన.

మార్చిలో టెక్నీషియన్ వచ్చి ఉంటే ఇది ఆగేదా? పన్ను చీలడానికి ఆ రెండు నెలల ఆలస్యమే కారణం అనడం నాకు కష్టం. గుంట పుచ్చడానికి ఏళ్ళు పడుతుంది. మొనలు రాయడం వల్ల అది ఆగదు. అయితే అద్దంతో జాగ్రత్తగా చూస్తే పుచ్చు కనబడి ఉండేదేమో. కాబట్టి "చెకప్‌తో సంబంధం లేదు అని రాయండి" అని మీ వెట్‌ను ఒత్తిడి చేయకండి. నోట్లో ఏం చూసిందో, చీలిక కొత్తదా పాతదా, మిగతా పళ్ళు ఎలా ఉన్నాయో రాయమనండి. మిగతా నోరు బాగుందని రాస్తే అదే మీకు పెద్ద బలం. ఏళ్ళ తరబడి పట్టించుకోని నోరు అలా ఉండదు.

క్లెయిమ్స్‌లో పనిచేసినవాడు:

డాక్టర్‌గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కలుపుతున్నాను. లీడ్స్‌లో ఆరేళ్ళు క్లెయిమ్స్ చూశాను, కార్లవి, పెంపుడు జంతువులవి.

అక్కా, బ్రిటన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలను చూసే ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ నియమాల్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. మామూలు వినియోగదారుడు ఏదో షరతు తప్పాడని క్లెయిమ్ తిరగ్గొట్టాలంటే, ఆ తప్పుకూ జరిగిన నష్టానికీ సంబంధం ఉండాలి. మోసం ఉంటే వేరే సంగతి. మీరు తేదీ దాటించారన్నది నిజమే, దాన్ని కాదనకండి. "ఆ రెండు నెలల ఆలస్యం వల్లే ఈ పన్ను చీలిందని మీరు దేన్నిబట్టి అంటున్నారు?" అని అడగండి. వెట్ ఉత్తరం దీనికే కావాలి.

టెక్నీషియన్ చెయ్యి విరిగిందని, మే 20కి మార్చానని పంపిన మెసేజ్ ఫోన్‌లో ఉందా? స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. మీరు మర్చిపోయి ఊరుకోలేదని అది చూపిస్తుంది. 2024 మార్చి రసీదు, అంతకుముందు ఏళ్ళవీ జతచేయండి.

2022 పరీక్ష రిపోర్టు అప్పుడే కంపెనీకి పంపారా? పంపి ఉంటే ఆ సంగతి తప్పకుండా రాయండి. వాళ్ళు అడిగినదానికి తగినంత జాగ్రత్తగా నిజం చెప్పడమే మన బాధ్యత, 2012 నాటి చట్టం చెప్పేది అదే.

ఫోన్‌లో వాదించకండి. "ఇది ఫిర్యాదు" అన్న మాట స్పష్టంగా రాసి ఈమెయిల్ పంపండి. ఆ రోజు నుంచి ఎనిమిది వారాల్లో వాళ్ళు తుది జవాబివ్వాలి. అది నచ్చకపోయినా, గడువు దాటినా ఇలాంటి తగవులు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్‌కు వెళ్ళొచ్చు. మీకు పైసా ఖర్చు లేదు. తుది జవాబు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెళ్ళాలి, ఆ తేదీ రాసి పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి:

ఇది చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. మా రైడింగ్ క్లబ్బులో గుర్రాలకున్న పాలసీలు చావుకు మాత్రమే. వైద్యం ఖర్చు, అందులోనూ పంటికి, ఎవరూ అడిగింది లేదు. పళ్ళు రాసేవాళ్ళు వచ్చి చేతి ఆకురాయితో మొనలు రాసి వెళ్తారు, అంతే. మా గుర్రం ఒకటి కొన్నాళ్ళుగా కళ్ళెం ఒక వైపు లాగితే తల విదిలిస్తోంది. డాక్టర్‌గారూ, అది కూడా పళ్ళ వల్లే కావచ్చా?

గన్నవరం డాక్టర్:

కావచ్చు. అయితే తల విదల్చడానికి ఇంకా చాలా కారణాలుంటాయి. ముందు నోరు పూర్తిగా తెరిపించి అద్దంతో చూసే వెట్‌కు చూపించండి. అందాకా ఆ గుర్రానికి కళ్ళెం పెట్టకండి.

ష్రూస్‌బరీ అమ్మ:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

మీరు చెప్పినట్టే ఫిర్యాదు ఈమెయిల్ పంపాను. మా వెట్ ఒక పేజీ రాసిచ్చింది. నంబర్ల సంగతి మొదటి పేరాలోనే పెట్టింది. చీలిక అంచులు పదునుగా ఉన్నాయని, కొత్తగా జరిగినట్టే ఉందని, మిగతా పళ్ళు వయసుకు తగ్గట్టు బాగున్నాయని రాసింది. పుచ్చు ముందే కనబడి ఉండేదా అన్నది చెప్పలేనని కూడా రాసింది. ఆ వాక్యం చదివి భయపడ్డాను గానీ తీసేయమని అడగలేదు. మెసేజ్ స్క్రీన్‌షాట్, మూడేళ్ళ రసీదులు, 2022లో రిపోర్టు పంపిన ఈమెయిల్ జతచేశాను.

నిన్న తుది జవాబు వచ్చింది. రెండు కారణాలూ వెనక్కి తీసుకున్నారు. సీటీకి మా పాలసీలో విడి పరిమితి లేదు. 3,616లో మా వాటా 195 తీసేశారు. పన్ను తీసిన రోజే మిగతా పళ్ళ మొనలు రాసినందుకు 72, వెట్ ఇంటికొచ్చిన చార్జీ 58 రావన్నారు. 3,291 పౌండ్లు ఇస్తున్నారు. ఆ 72 న్యాయమే, అక్క ముందే చెప్పింది.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. వచ్చే రెన్యువల్ నుంచి "పళ్ళు, దవడలు, సైనస్‌లకు సంబంధించినదేదీ వర్తించదు" అని మినహాయింపు పెడతామన్నారు. నోరు మొత్తానికా? దీన్ని ఒప్పుకోవాల్సిందేనా?

టాఫీ గడ్డి తింటున్నాడు. ఎడమవైపు కూడా నములుతున్నాడు. మా అమ్మాయి రోజూ మూలలు వెతుకుతోంది, ఉండలు లేవు.

గన్నవరం డాక్టర్:

చాలా సంతోషమండీ. మినహాయింపు గురించి ఇప్పుడే రాసి అడగండి. 209, దానికి ఎదురుగా కింద ఉండే 309, ఎడమ సైనస్, వీటి వరకే పెట్టమనండి. పైన పన్ను లేదు కాబట్టి 309 అరగక పెరుగుతుంది, దాన్ని ఏటా తగ్గించాల్సిందే. ఆ ఖర్చు ఎలాగూ మీదే. మిగతా నోటికి కవర్ ఉంచమని అడగడం న్యాయం. ఒప్పుకోకపోతే, ఏడాది పాటు ఇబ్బంది లేకపోతే తిరిగి పరిశీలిస్తామని రాతలో తీసుకోండి.

ఈసారి చెకప్ 12 నెలలకు కాదు, తొమ్మిదో నెలలో బుక్ చేయండి. ఎవరి చెయ్యి విరిగినా మీకు మూడు నెలలు మిగులుతాయి.

హారోగేట్ అక్క:

చెల్లీ, చూసినవాళ్ళ పేరు, అర్హత, తేదీ రసీదు మీద రాయించుకో. నోట్లో ఏ నంబరు పన్ను దగ్గర ఏం చూశారో కూడా రాయమను. పాప చేత ఒక ఫైలు పెట్టించు.