‘పెనిన్సులా’ గురించి కొరియా విమర్శకులు ఏమన్నారో ఎక్కడ దొరుకుతుంది?

రైల్లో సాగే కొరియన్ జాంబీ సినిమా ‘ట్రెయిన్ టు బుసాన్’ (2016) తర్వాత అదే దర్శకుడు యోన్ సాంగ్-హో తీసిన ‘పెనిన్సులా’ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లిష్ రివ్యూలు రాటెన్ టొమాటోస్, మెటాక్రిటిక్‌లలో బోలెడు దొరికాయి. చాలామంది చెప్పింది ఒకటే: రైలు పెట్టెలోని ఆ ఇరుకు, ఆ భయం ఇందులో లేవు, రాత్రిపూట కార్ల ఛేజింగ్ వీడియో గేమ్‌లా ఉంది. నిజమే, కార్లకు బరువే లేనట్టు జారిపోతుంటాయి. కానీ సొంతగడ్డ మీద ఏమన్నారన్నదే నాకు కావాలి.

కొరియాలో సినిమా 2020 జులై 15న వచ్చింది. అక్కడి పేరు ‘బాందో’. ఆ మాటకు అర్థమే ద్వీపకల్పం! దాంతో వెతికితే భూగోళం పాఠాలు, రాజకీయ వార్తలు వస్తున్నాయి. కొరియన్ లిపిలో ‘సినిమా’ అన్న మాట కలిపాను, ప్రేక్షకుల స్టార్ రేటింగులే వచ్చాయి. దర్శకుడి పేరు కలిపితే అన్నీ ఇంటర్వ్యూలు. తేదీని జులై 15 నుంచి 31 వరకు పెట్టి చూసినా అంతే. అనువాదం మెషీన్‌తో ఎలాగో నెట్టుకొస్తాను, ఆ టెన్షన్ లేదు.

విడుదలైన వారంలో కొరియా వృత్తి విమర్శకులు రాసిన రివ్యూలు ఏ పత్రికలో లేదా సైట్‌లో ఒకేచోట దొరుకుతాయి?